వదులు పెట్టమంది, వదిలిపెట్టమన్లేదు

ఏంటీ, ఏమన్నావ్? పంపు పీకేసి మామూలు స్టీరింగ్ చేసేస్తే పోలా అన్నావా? ఇంకోసారి అను, ఈ చెవికి సరిగ్గా ఆనలేదు. ఆఁ, అదే అన్నావ్. అచ్చం మీ తాతే! ముక్కొక్కటే ఆయనది వచ్చిందనుకున్నా, తొందర కూడా వచ్చిందన్నమాట. ఆ పానా కింద పెట్టి ఇలా కూర్చో. కూర్చోవే తల్లీ, ఆ బండి ఎక్కడికీ పారిపోదు, దాని ఇంజను ఇప్పుడేగా కూర్చోబెట్టావ్. ఇదే షెడ్డు, ఇవే రేకులు. నువ్వు నిలబడ్డ చోటే నిలబడి మీ తాత కూడా వాళ్ళక్కతో ఇదే మాటన్నాడు. మీ నాన్నకి మేనత్త, నాకు వదిన. నువ్వు పుట్టేసరికే ఆవిడ లేదులే. ఫొటోలో ఉంటుంది చూడు, కారు బానెట్ మీద మోచెయ్యి ఆనించి, నవ్వుతోందో కసురుతోందో తెలీకుండా. ఆవిడే. నిజానికి అప్పుడు కసురుతోంది. ఫొటో తీసేవాణ్ణి, "నాకు టైమవుతోంది, నొక్కవయ్యా" అని.

టాక్సీ నడిపేది వదిన. ఊరికే నడపడం కాదు, ఆసుపత్రిలో పొద్దున డ్యూటీకెక్కే నర్సులు అయిదుగురు ఆవిడ బండి తప్ప ఇంకో బండి ఎక్కేవాళ్ళు కాదు. వీధి చివర మలుపులో హారన్ ఒక్కసారి కొట్టేది, ఒక్కసారే, రెండోసారి కొట్టడం ఆవిడకి నామోషీ. అందరూ స్టీరింగమ్మ అనేవాళ్ళు. మీ తాతనేమో హడావుడి మేస్త్రి అనేవాళ్ళు, ఆ పేరు నీకు తెలుసుగా. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, ఒకరికి నిదానమే ప్రధానం, ఇంకొకరికి ఆలస్యం అమృతం విషం. మధ్యలో నేను. సరే, ఇంతకీ ఏం చెప్తున్నా? ఆఁ, చెయ్యి. వదినకి కుడి భుజం విరిగింది, మెట్ల మీద జారి. అతికింది గానీ చెయ్యి చెవి దాకా లేచేది కాదు. దువ్వెన కూడా నేనే పెట్టేదాన్ని. అయినా బండి మానలేదు. ఎందుకంటే ఆ బండికి పవర్ స్టీరింగ్, చిటికెన వేలితో తిరిగేది. అర్థమైందా? ఆ పంపు, ఆ రెండు పైపులూ ఉన్నన్నాళ్ళే ఆవిడ డ్రైవరు. అవి లేకపోతే ఆ భుజంతో పార్కింగులో సగం మలుపు కూడా తిప్పలేదు.

అలాంటి బండికి ఇంజను పోయింది. పగిలిపోయింది మొత్తం, అతుకు వేసే రకం కాదు. మీ తాత పెళ్ళికొడుకుని వెతికినట్టు వెతికి తుక్కుషాపులోంచి ఇంకో ఇంజను తెచ్చాడు, వేరే కంపెనీ బండిది. దాన్ని దింపడం, కూర్చోబెట్టడం, గేర్‌బాక్సుకి కలపడం, అబ్బో, అదంతా మూడు రోజుల్లో చేసేశాడు. పనిమంతుడే, కాదన్ను. తీరా చూస్తే పాత ఇంజనుకి పంపు ఇటు వైపు ఉండేది, కొత్తదానికి అటు వైపు, ఇంకా కిందకి. పంపులోంచి స్టీరింగ్ పెట్టెకి నూనె తోసే పైపు ఉంటుందే, గట్టిది, అది జానెడు పొట్టి. తిరిగొచ్చే పైపుతో గొడవ లేదు, అది వట్టి రబ్బరు గొట్టం, దానికి బలం అక్కర్లేదు. ఈ తోసేదానితోనే తంటా. పోనీ కొత్త ఇంజనుతో వచ్చిన పైపు పెడదామంటే పంపు దగ్గర నట్టు పడుతుంది, స్టీరింగ్ పెట్టె దగ్గర మర కలవదు. ఇదంతా నీకు నేను చెప్పేదేంటి, పొద్దుట్నించీ నువ్వు తిట్టుకుంటున్నది దీన్నేగా!

అప్పుడు మీ తాత ఏం చేశాడో తెలుసా? పాత తోసే పైపూ, కొత్త ఇంజనుతో వచ్చిందీ రెండూ కోసేసి, మధ్యలో నీళ్ళ గొట్టం లాంటి రబ్బరు ముక్క దూర్చి, రెండు క్లిప్పులు బిగించాడు. "అయిపోయిందక్కా, ఎక్కు!" అన్నాడు. నేను పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డా. వదిన ఎక్కింది, స్టార్ట్ చేసింది, ఎడమకి తిప్పింది, బానే ఉంది. కుడికి చివరిదాకా తిప్పింది, టప్పుమని ఊడింది చూడు! ఎర్ర నూనె నా మొహం మీద, టార్చి మీద, గోడ మీద, సైలెన్సరు మీద పడి ఇంత పొగ. ఎదురింటి టైలరు బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు, బండి తగలబడుతోందనుకుని. ఆ నీళ్ళు కూడా నా మీదే పోశాడు, అది వేరే సంగతి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, బాగున్న రెండు పైపులూ కోసి పెట్టుకున్నాం. మీ తాత మొహం తుడుచుకుని అదిగో అప్పుడన్నాడు నీ మాట. "ఇది కుదిరే పని కాదక్కా. పంపు పీకేస్తా. స్టీరింగ్ కాస్త బరువవుతుంది, అంతే. పొద్దున నర్సుల్ని నేను దింపి వస్తా. నువ్వు ఇంట్లో హాయిగా కూర్చో."

ఆవిడ బండి దిగలేదు. స్టీరింగ్ పట్టుకునే కూర్చుంది. "ఇంట్లో కూర్చోడానికి నేనేమన్నా బీరువానట్రా?" అంది. నాకు నవ్వొచ్చింది, నూనె నోట్లోకి పోయింది. మీ తాతకి మాత్రం నవ్వు రాలేదు. ఆయనకి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే ఈవిడే పెంచింది, అన్నం పెట్టింది, బళ్ళో వేసింది, ఈ షెడ్డుకి తాళం ఆయన చేతిలో పెట్టింది. భుజం విరిగిన రోజు ఆసుపత్రి వరండాలో మనిషి ఎంత ఏడ్చాడో నేను చూశా. అందుకని అరిచేశాడు. "ఆ చేత్తో రోడ్డెక్కితే నీకేమన్నా అయితే నేనేం కావాలి? ఒక్కదానివేగా ఉన్నావు నాకు!" అన్నాడు. నేనక్కడే ఉన్నానమ్మా, పెళ్ళాన్ని, తలంతా నూనె కారుతూ! ఒక్కదానివేగా అంటాడేంటి? సరే పోనీ, ఆ కోపం తర్వాత తీర్చుకున్నాలే. వదిన మాత్రం గొంతు పెంచలేదు. "ఆదివారం దాకా టైముంది నాకు. సోమవారం పొద్దున మలుపులో హారన్ కొట్టాలి. కొట్టకపోతే వాళ్ళు ఇంకో బండి చూసుకుంటారు, నేను ఇంకో మనిషినైపోతా. పైపు సంగతి చూడు" అంది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అవతల ఈయన పట్టిన కుందేలుకీ మూడే కాళ్ళు. మొత్తానికి రెండు కుందేళ్ళకీ కలిపి ఆరు.

మర్నాడు పొద్దున్నే నేను షెడ్డు తీసేసరికి వదిన అప్పటికే బండి కింద ఉంది. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయ్. చేతిలో లావుపాటి తీగ, కంచె కట్టేది. పైపు ఎటు పోవాలో ముందు తీగతో చూద్దాం, ఆ తీగ పట్టుకెళ్ళి మట్టి తవ్వే బండ్లకి పైపులు నొక్కే షాపులో ఇద్దాం, ఈ కొసకి పాత నట్టు, ఆ కొసకి కొత్త నట్టు, మధ్యలో బలమైన గొట్టం వేసి నొక్కించేద్దాం అంది. ఎవరు చెప్పారు వదినా అంటే, "ఆ షాపువాడి పెళ్ళాం నా బండెక్కే నర్సే, దార్లో అన్నీ చెప్తుంది" అంది. మీ తాత వచ్చాడు, ముఖం గంటు పెట్టుకుని. అయినా మేస్త్రి కదా, పని కనపడితే చెయ్యి ఊరుకోదు. పైనుంచి పంపు దగ్గర ఆ కొస పట్టుకున్నాడు. కింద ఈవిడ ఈ కొస పట్టుకుని సైలెన్సరుకి తగలకుండా వంచుతోంది. ఆయనేమో పైనుంచి బిగించి లాగుతున్నాడు, తీగ నిటారుగా, గీత గీసినట్టు ఉండాలి ఆయనకి. కింద నుంచి వదిన అరిచింది, "వదులు పెట్టు!" అని. మీ తాతకి ఏం వినపడిందో, వదిలిపెట్టేశాడు. తీగ స్ప్రింగులా లేచి వదిన పెదవి చీరేసింది.

"వదులు పెట్టమన్నాన్రా, వదిలిపెట్టమన్లేదు!" ఆ అరుపు టైలరు ఇంటిదాకా వినపడింది, ఆయన మళ్ళీ బకెట్టు తీశాడు పాపం. మా ఇంట్లో అది సామెతైపోయింది తర్వాత. మీ నాన్నకి సైకిల్ నేర్పేటప్పుడు కూడా ఇదే మాట. సరే, వదిన బయటికొచ్చింది, పెదవికి గుడ్డ అడ్డం పెట్టుకుని. "వదులెందుకక్కా, పైపు వేలాడుతుంటే ఏం బాగుంటుంది?" అన్నాడీయన. ఆవిడ నన్ను సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చెయ్యమంది, పంపు బెల్టు ముందే తీసేయించిందిలే. "వీడి వేలు ఇంజనుకీ దాని వెనక రేకుకీ మధ్య పెట్టనీ. ఇప్పుడు తొక్కు!" అంది. నేను తొక్కా. ఇంజను ఇలా ఒరిగింది చూడు, బతికున్న మనిషి పక్కకి తిరిగి పడుకున్నట్టు. వేలు పట్టిన సందులో బొటనవేలు కూడా పట్టింది. "నువ్వు ఆగిపోయిన ఇంజన్లే చూస్తావురా. నడిచే ఇంజను ఎంత ఊగుతుందో ఇరవై ఏళ్ళ నుంచి నా ఒంటికి తెలుసు. బిగించి కట్టావంటే నెల తిరక్కుండా తెగుతుంది. ఊగేదాన్ని ఊగనివ్వాలి" అంది. మీ తాత వేలు తీసి ఆ వేలునే చూసుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు మెల్లిగా అంది, "నన్నూ పట్టుకో, వద్దనను. కాస్త వదులుగా పట్టుకోరా." అంతే. మీ తాత ఆ తీగకి పంపు దగ్గర తన చేత్తోనే ఒక మెలి తిప్పాడు, ఇంత వంపు. నడుచుకుంటూ వెళ్ళాడు షాపుకి, వంపు చెడుతుందని సైకిల్ కూడా ఎక్కలేదు. హడావుడి మేస్త్రి నడిచి వెళ్ళడం వీధిలో జనం అదే మొదటిసారి చూడ్డం.

ఆదివారం మధ్యాహ్నానికి పైపు బిగించారు. ముందు చక్రాలు జాకీల మీద లేపారు. ఇంజను ఆపేసే ఉంది. వదిన స్టీరింగ్ ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి, మెల్లిగా. పైపుల్లో గాలి పోవాలిగా. నేను డబ్బాలో నూనె పోస్తున్నా. బుడగలు, సబ్బు నురగలాగా. "వస్తున్నాయా?" అంటుంది. "వస్తున్నాయ్ వదినా." మళ్ళీ తిప్పుతుంది. చక్రాలు గాల్లో ఉన్నా ఆ భుజానికి అదేం తక్కువా! చెమటలు కారిపోతున్నాయ్. నేను తిప్పుతా దిగక్కా అని మీ తాత అనబోయాడు, నోరు తెరిచాడు, మూసేశాడు. నేను చూశా. ఆయన పెళ్ళైనప్పట్నించీ అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. నేను లెక్కపెట్టింది ముప్ఫై రెండు సార్లు. బుడగ ఆగింది. స్టార్ట్ చేస్తే కాసేపు మూలిగింది పంపు, తర్వాత అదీ ఆగింది. కిందకి దించారు. బండి కదలకుండా, నేల మీద నాలుగు చక్రాలూ ఉండగా, వదిన ఆ విరిగిన చేత్తోనే, రెండు వేళ్ళతో, ఇలా కొసదాకా తిప్పింది. ఒక్క చుక్క కారలేదు. సోమవారం పొద్దున నేను గేటు దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడ్డా. మలుపులో హారన్. ఒక్కసారే.

పదకొండేళ్ళు నడిపింది ఆ తర్వాత. ఆ పైపు మార్చలేదు. తర్వాత జబ్బు చేసింది, అదే ఆసుపత్రి, అదే నర్సులు, వాళ్ళకీ జుట్టు నెరిసిందప్పటికి. మీ తాత మందు తేవడానికి కిందికెళ్ళాడు, హడావుడిగా. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆ భుజం వైపు చెయ్యి నేను పట్టుకుని ఉన్నా. గట్టిగానే పట్టుకున్నానేమో మరి. కళ్ళు తెరవలేదు. "వదులు" అంది. అంతే, ఆ ఒక్క మాటే. వదులుగా పట్టుకోమందో, వదిలెయ్యమందో... ఇన్నేళ్ళ నుంచి అడుగుతూనే ఉన్నా నన్ను నేను. మీ తాతకి కూడా చెప్పలేదు. నీకే చెప్తున్నా. నేను... వేళ్ళు కాస్త సడలించాను. కాస్తే. వదిలిపెట్టలేదు.

ఊఁ. ఏంటలా చూస్తావు? ఈ బండి తెచ్చినాయనకి డెబ్బై దాటాయి, పంపు పీకేస్తే ఎలా తిప్పుతాడు, ఆలోచన ఉండక్కర్లా! అదిగో, ఆ మూల మేకుకి వేలాడుతోందే వంకర తీగ, అది కాదు, అది దీనికి సరిపోదు, దాన్ని ముట్టుకోకు. కొత్త తీగ తే. తెచ్చావా? ఊఁ, కిందకి దూరు. ఈ కొస నేను పట్టుకుంటా.