కోయ్ పడవలో ఎర డబ్బా

ఫ్లోరిడాలో ఒకాహిల్లీ సరస్సు ఒడ్డు. బాస్ చేపల పోటీ ముగిసిన మధ్యాహ్నం. బొమ్మ ఎరలే వాడాలి, బతికున్న ఎర ముట్టుకోకూడదు అన్నది ఆ పోటీల్లో మొదటి నియమం. కప్పు గెలిచిన హాలిస్ టాకెట్, అతని భార్య వెర్నా ట్రక్కులో కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఉన్న గదిలో, గెలిచినవాడు నియమం తప్పలేదని తేల్చే లై డిటెక్టర్ ఆయన, అతనికి కట్టాల్సిన పట్టీలు చేతిలో పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

“మళ్లీ నీళ్లంటావేమిటి? ఇప్పుడేగా సీసా మొత్తం ఎత్తావ్!”

“గొంతు ఎండిపోతోంది వెర్నా.”

“ఎండదూ మరి! ఎవడైనా ఆ గదిలోకి వెళ్లి పది నిమిషాల్లో నవ్వుతూ బయటికొస్తాడు. నువ్వేమో సగంలో లేచొచ్చి ట్రక్కెక్కి కూర్చున్నావ్. జనం ఏమనుకుంటారు?”

“ఇంకా మొదలే పెట్టలేదు. ముందు ప్రశ్నలన్నీ చదివి వినిపిస్తాడు కదా. అవి విని వచ్చా.”

“విని?”

“ఒక ప్రశ్న దగ్గర లేచొచ్చేశా.”

“హాలిస్, ఇటు చూడు. ఇటు. ఇవాళ బతికున్న ఎర వాడావా?”

“లేదు.”

“నిజం?”

“లేదంటుంటే! రబ్బరు వానపాము. ఊదారంగుది. నాచు అంచు వెంట లాగితే పడింది. ఇవాళ్టి చేప కడిగిన ముత్యం.”

“మరింకేం? వెళ్లి కూర్చో. పట్టీ కట్టించుకో. కాదు, లేదు, తెలీదు అనేసి వచ్చెయ్. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు చల్లారిపోతున్నాయి.”

“ఒక ప్రశ్నలో ఇవాళ అని లేదే.”

“ఏమని ఉంది?”

“ఏ పోటీలోనైనా, ఎప్పుడైనా, అని ఉంది.”

“ఎప్పుడైనానా?”

“బుద్ధెరిగినప్పట్నుంచీ అన్నమాట.”

“అదేం ప్రశ్న! చర్చిలో పాస్టరు కూడా అంత లోతుకి తవ్వడు.”

“వెర్నా, కోయ్ వచ్చాడు. చూశావా?”

“ఏ కోయ్?”

“ఎంతమంది కోయ్‌లున్నారే మనకి? మీ తమ్ముడు.”

“ఆ, చూశాలే. జనాన్ని ఆపే తాడు అవతల నిలబడ్డాడు.”

“ఇరవై రెండేళ్ల తర్వాత ఈ రేవు తొక్కడం ఇదే మొదలు. టోపీ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. తర్వాత దగ్గరికొచ్చి, దేనికి పడింది బావా అన్నాడు. రబ్బరు వానపాముకి అన్నా. మంచిది అన్నాడు. అంతే. మంచిది అని వెళ్లిపోయాడు.”

“మంచిదంటే మంచిదనే. దానికింత ఆలోచనా?”

“నాకు అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.”

“పాతవన్నీ ఇప్పుడెందుకు—”

“ఆ ఏడాది కప్పు గెలిచింది నేనేగా?”

“ఆ.”

“షైనర్ చేపపిల్లని ఎరగా పెట్టి గెలిచా.”

“మెల్లిగా. కిటికీ తెరిచుంది.”

“వినపడిందా? బతికున్న షైనరు. ముందురోజు ఓట్స్ గింజలు చల్లి, అవి తినడానికి మూగితే విసురు వలేసి పట్టా. డబ్బాలో నీళ్లుపోసి సీటు కింద దాచా. వాడదామని కాదు, ఊరికే… కాదు, వాడదామనే. పెళ్లై ఏడాది కూడా కాలేదు మనకి. ఆ పెళ్లికి మీ నాన్న ఒప్పుకోనే లేదు. పైగా ఈ పోటీలు పెట్టే క్లబ్బుకి పెద్ద. మా అల్లుడికి చేప పళ్లెంలో తప్ప ఇంకెక్కడా దొరకదని తూకం బల్ల దగ్గర నలుగురిలో నవ్వాడు.”

“ఆయన నోరంతే.”

“మధ్యాహ్నం దాకా ఒక్కటి తగల్లేదు. ఇక ఆగలేకపోయా. షైనరు పెదాలకి గాలం గుచ్చి, బెండు కట్టి, నాచు పక్కన వదిలా. కింద నుంచి పెద్దది వస్తోందని దానికి తెలుస్తుందే! ఎటూ పోలేక వణికిపోతుంది. పైన బెండు కూడా అలాగే వణుకుతుంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నా.”

“తెలుసు.”

“బెండు సంగతా?”

“షైనర్ల సంగతి.”

“నీకెలా తెలుసు?”

“పోటీ ముందురోజు రాత్రి నీ చొక్కా ఉతికిందెవరు? మోచేతిదాకా పొలుసులు. బాస్ పొలుసేదో షైనరు పొలుసేదో తెలీకుండా క్లబ్బు పెద్ద కూతుర్నయ్యానా?”

“ఇరవై రెండేళ్లు తెలిసి ఊరుకున్నావా?”

“నువ్వు ఇరవై రెండేళ్లు చెప్పకుండా ఊరుకోలేదూ?”

“టాకెట్ గారూ! క్లబ్బువాళ్లు పంపారు నన్ను. లై డిటెక్టర్ ఆయన ఇంకో ఐదు నిమిషాలు చూస్తాడట. తర్వాత కప్పు రెండోవాడికే. నా చేతిలో ఏం లేదు మరి!”

“వస్తాడు బాబూ, వస్తాడు! బూట్లు వేసుకుంటున్నాడు!”

“బూట్లు నా కాళ్లకే ఉన్నాయి.”

“నువ్వు నోరు మూసుకో. లే. షైనర్ల మాట నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇలాగే పోనీ.”

“కోయ్‌కి తెలుసు.”

“వాడికేం తెలుసు?”

“తూకం అయ్యాక చేపల్ని వేసే తొట్టి ఉంటుందే, దాని అడుగున ఒక షైనరు కనపడింది. ఎవరి చేప కక్కిందో తెలీదు. పెదాలకి మాత్రం గాలం చిల్లుంది. పడవలన్నీ వెతకండి అన్నాడు మీ నాన్న. నా పడవలోకి దిగారు, సీటెత్తారు, ఖాళీ! డబ్బా లేదు. పక్కనే కోయ్ పడవ. అందులో ఉంది.”

“డబ్బాలన్నీ ఒకలాగే ఉంటాయి.”

“పిడికి నేను చుట్టిన ఎర్రతాడు నాకు తెలీదా?”

“ఆపు హాలిస్.”

“నాది కాదు నాన్నా అన్నాడు కోయ్. ఒక్కసారే అన్నాడు. అని నా వంక చూసి, తలదించుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. నా డబ్బా ముందే చూసి తన పడవలోకి మార్చుంటాడు. అక్క కాపురం ఏమవుతుందోనని తన మీద వేసుకున్నాడు. మీ నాన్న అందరి ముందూ వాడి టోపీ మీది క్లబ్బు బిళ్ల పీకేశాడు. చచ్చేదాకా కొడుకుతో మాట్లాడలేదు. నేనేం చేశా? చేతులు కట్టుకు నిలబడ్డా. తర్వాత బల్లెక్కి కప్పందుకున్నా.”

“చాలు.”

“మీ నాన్న పోయాక ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ వాడు మనింటికొచ్చి తింటున్నాడు. ఉప్పు అందించమంటే అందించాను గానీ, వాడి మొహంలోకి ఒక్కసారి చూళ్లేదు. ఇవాళ చూస్తా. ఆ మిషను సంగతి తర్వాత. వాడింకా రేవు దగ్గరే ఉన్నాడు. ముందు వాడి కాళ్లు పట్టుకుని, నాకోసం ఇంత మోశావురా అని—”

“పోవద్దు.”

“కప్పు పోతుందనా? పోనీ.”

“కప్పు కాదు. లోపలికెళ్లి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. రెండు కప్పులూ ఇచ్చెయ్. నేనేమీ అనను. కోయ్‌కి దండం మాత్రం పెట్టకు.”

“ఎందుకని? వాడు నాకోసం అంత చేస్తే—”

“చెయ్యలేదు.”

“ఏం చెయ్యలేదు?”

“నీకోసం వాడేమీ చెయ్యలేదు. వాడికేమీ తెలీదు. ఇప్పటికీ తెలీదు. నీ వంక చూశాడంటావే, నిన్ను కాదు చూసింది. నీ వెనకాల నేనున్నా. అక్కైనా నమ్ముతుందేమోనని చూశాడు.”

“నువ్వు… నమ్మలేదా?”

“అల్లుణ్నైతే మెడపట్టి గెంటేస్తాడు, కన్నకొడుకునైతే నాన్న సాయంత్రానికల్లా క్షమించేస్తాడు అనుకుని, ఆ డబ్బా వాడి పడవలో పెట్టింది నేనేనయ్యా.”