అడుగు గీత

1992 జూన్ 15న మరణాల నమోదు విభాగంలో గుమాస్తాగా చేరిన మేడమ్ గారు కుర్చీలో సర్దుకోకముందే కౌంటర్ మీద ఓ పిడికిలి దభీమని పడింది.

"ఈ ఆఫీసుకి రావడం ఇది మూడోసారి! మా అన్న గుండె ఆగి పోయాడని రాసుందిగా?"

"గుండె ఆగకుండా పోయినవాళ్ళెవరు బాబూ? అదెందుకు ఆగిందో కావాలి."

పై అధికారి కళ్ళెర్రజేసినా ఆ ఫారం డాక్టరు దగ్గరికి వెనక్కే వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు అడుగు గీత మీద పదిహేనేళ్ళ షుగర్ జబ్బు ఉంది. పిడికిలి బిగించిన తమ్ముడు ఆ వారమే తన రక్తం పరీక్ష చేయించుకున్నాడు.

ఫారంలో మూడు గీతలు. పై గీత మీద ప్రాణం తీసిన చివరి దెబ్బ, దాని కింద ఆ దెబ్బకు కారణం, అన్నిటికంటే అడుగున అసలు మూలం. మేడమ్ గారు ఏ ఫారాన్నైనా అడుగు నుంచే చదివేవారు. సీనియర్ గుమాస్తాగా, సూపరింటెండెంటుగా, చివరికి విభాగాధిపతిగా ఎదిగినా ఆ అలవాటు మారలేదు. "వెనక్కి మేడమ్" అన్న బిరుదూ వదల్లేదు. యముడు స్వయంగా సంతకం చేసి తెచ్చినా వెనక్కి పంపుతారని డాక్టర్లు గొణుక్కునేవారు.

2004లో ఆ పట్టుదలకు ఇంటి నుంచే పరీక్ష వచ్చింది. రాళ్ళు కోసే షెడ్డులో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన వారి అన్నగారు ఐదు రోజుల జ్వరంతో పోయారు. ఫారంలో న్యుమోనియా అని ఉంది, అడుగు గీత ఖాళీ. బంధువుల కాగితం తాము చూడకూడదు గనక మేడమ్ గారు కౌంటర్ అవతలికి వెళ్ళి జనంతోపాటు నిలబడ్డారు. పక్క బల్ల గుమాస్తా ముద్ర చేతపట్టుకుని తటపటాయించాడు.

"మేడమ్, మీ ఇంటిది... పోనిద్దామా?"

"మా ఇంటిది కాకపోతే ఏం చేసేవారు?"

"వెనక్కి పంపేవాణ్ణి."

"మరి?"

వదినగారి వెంట వచ్చిన షెడ్డు మేనేజరు అడ్డుపడ్డాడు. "న్యుమోనియా అని డాక్టరే రాశాక ఇంకా తవ్వడం దేనికమ్మా?"

"న్యుమోనియా తలుపు తోసుకుని వచ్చిందయ్యా, సరే. లోపలి గొళ్ళెం తీసి పెట్టిందెవరు?"

వదినగారు చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయీ, సోమవారం నుంచి నీ మేనల్లుడికి వాళ్ళ నాన్న పనే ఇస్తామన్నారు. నీ గీతల కోసం నా కొడుకు నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

"వాడి కూడు ఇంకోచోట దొరుకుతుంది వదినా. ఊపిరి దొరకదు."

అన్నగారి ట్రంకు పెట్టెలోని ఆరేళ్ళ ఎక్స్‌రేలు సంకన పెట్టుకుని ఆవిడ ఆసుపత్రికి నడిచారు. డాక్టరు చూసింది చివరి ఐదు రోజులే. రోగి చేసే పనేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి వరసగా చూసి, కొత్త ఫారం అందుకున్నారు.

ఆ మేనల్లుడు నేడు బస్సు నడుపుతూ, ఈ పదవీ విరమణ సన్మాన సభలో ముందు వరసలో కూర్చున్నాడు. మేడమ్ గారు నిండు ఆరోగ్యంతో ఎన్నేళ్ళు బతకాలంటే, వారి ఫారం ఈ కౌంటర్‌కు చేరే నాటికి మాలో ఒక్కరం కూడా కొలువులో మిగిలి ఉండకూడదు. వారి పద్ధతిలో అడుగు గీతే అసలు సంగతి కనుక, ఈ వ్యాసానికి అడుగున ఉండాల్సింది డాక్టరు ఫారం మార్చి రాసిన ఆ రోజు మధ్యాహ్నమే.

కొత్త ఫారం మేనల్లుడి చేతికిచ్చారు. ఒకపక్క తల్లి, ఒకపక్క మేనేజరు.

"చదవరా."

"శ్వాస ఆగడం. దానికి కారణం న్యుమోనియా. దానికి..."

"ఆగకు. మీ నాన్నకు వినపడాలి."

కుర్రాడు మేనేజరు కళ్ళలోకి చూశాడు.

"రాతి దుమ్ము."