నాన్నకి గిట్టని కమలా తొక్క

హాంకాంగ్‌లో క్వున్‌తోంగ్. ఆదివారం ఉదయం. పద్దెనిమిదో అంతస్తులో, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటగదిలో డెబ్బై ఏళ్ల చోయ్‌లిన్ పంది ఎముకలు కడుగుతోంది. చెప్పాపెట్టకుండా వచ్చిన కూతురు మాన్‌యీ గుమ్మంలోనే అందుకుంది.

"అయితే పద్నాలుగో అంతస్తు కామ్ ఆంటీ చెప్పింది నిజమేనన్నమాట."

"ఏం చెప్పింది?"

"రోజూ సూప్ మోసుకుని ఆస్పత్రికి వెళ్తున్నావట. మూడు వారాల నుంచి."

"మూడు కాదు, నాలుగు. ఆవిడకి లెక్కలు రావు."

"ఎవరికోసమో కూడా చెప్పింది."

"తెలిసిపోయిందిగా మరి. ఇంక నన్ను అడగడం దేనికి? అక్కడ నిలబడకు, వెలుతురుకి అడ్డం. ఆ ముల్లంగి తీసుకుని చెక్కు."

"అమ్మా."

"మందంగా తియ్యి. పైపైన గీరితే ఆకుపచ్చ ముల్లంగి ఘాటు పోదు."

"నేను ముల్లంగి చెక్కడానికి రాలేదు."

"అరవడానికి వచ్చావు, తెలుసు. అరుస్తూ చెక్కు. నోటి పని నోటిది, చేతుల పని చేతులది."

"దానికా అమ్మా? నాన్నని ఎగరేసుకుపోయిన దానికా నువ్వు పొయ్యి దగ్గర నిలబడి..."

"అది, ఇది అనకు. యుక్‌హా నీకన్నా పదహారేళ్లు పెద్దది. అయినా ఎగరేసుకుపోవడానికి మీ నాన్నేమన్నా గాలిపటమా? తన కాళ్లతో తను నడిచి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ. ఆ ఇస్త్రీ చేసింది కూడా నేనే."

"నీకు నవ్వులాటగా ఉంది."

"లేదు. ఎముకలు కడుగుతున్నాను."

"నాకప్పుడు పన్నెండేళ్లు. కింద బస్సు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. నువ్వు ఇదిగో, ఈ కుళాయే తిప్పి వదిలేసి, నీళ్ల చప్పుడు చాటున ఏడ్చేదానివి. నాకు వినబడదనుకునేదానివి."

"వినబడేదా?"

"రోజూ."

"...నీళ్లు మరిగాయి. జరుగు. మురికంతా పైకి తేలింది, పారబోయాలి."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. చెయ్యి కాలుతుంది, జరగమంటున్నాను. ఆ ఏడుపు నాది, మాన్‌యీ. ఏడ్చేశాను, అయిపోయింది. నువ్వు ముప్పై ఏళ్లుగా నా బదులు మోస్తూ తిరుగుతున్నావు. మొయ్యమని నేను అడిగానా?"

"అడగాలా? కూతుర్ని."

"కూతురివైతే ఆ క్యారెట్లు కూడా అందుకో."

"ఆవిడకి ఎవరూ లేరా? నువ్వే దొరికావా?"

"ఫోషాన్‌లో అన్న ఉన్నాడు. చెల్లెలికి తుంటి విరిగిందని చెబితే, ఫోన్లో పువ్వుల బొమ్మ పంపాడు. కింద 'ఆరోగ్యం జాగ్రత్త' అని."

"విరిగిందని నీకెలా తెలిసింది?"

"మార్కెట్లో."

"మార్కెట్లో ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"పడినప్పుడు పక్కనే ఉన్నాను."

"పక్కన ఎందుకున్నావు?"

"ముల్లంగి కొంటున్నాం."

"కొంటున్నాం?"

"ప్రతి గురువారం కొంటాం. ఇద్దరం కలిసి."

"ఎప్పట్నించి ఇది?"

"మీ నాన్న చనిపోయిన మరుసటి ఏడు నుంచి."

"ఆరేళ్లు. ఆరేళ్లుగా నాకు చెప్పకుండా..."

"చెబితే ఏం చేసేదానివి? నాన్న అంత్యక్రియల రోజు ఏం చేశావో అదే చేసేదానివి. తెల్లపూలు పట్టుకుని వచ్చిన మనిషిని తలుపు దగ్గరే ఆపి, అందరి ముందూ వెనక్కి పంపేశావు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆ పూలు మెట్లమీద పడి ఉన్నాయి. వాటిని దాటుకుని వచ్చాను. ఏడాదిపాటు అవే కళ్లముందు. ఇంక పట్టలేక వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను."

"క్షమించమని అడగడానికా? నువ్వు?"

"ఎందుకు అడుగుతాను? తిట్టడానికి వెళ్లాను."

"తిట్టావా?"

"గంటసేపు. ఆవిడా తిట్టింది."

"నిన్నా?"

"మీ నాన్నని. నేను మొదలుపెట్టిన తిట్టు ఆవిడ పూర్తిచేసేది. ఆ గురక, ఆ గుర్రప్పందాల అబద్ధాలు, స్నానాల గదిలో పేపరు చదవడం. ఈ ఊళ్లో డెబ్బై లక్షల మంది జనం ఉన్నారు. మీ నాన్నని తిట్టుకోవాలంటే నాకు ఆవిడ తప్ప ఇంకెవరున్నారు చెప్పు?"

"నేను లేనా?"

"నువ్వు తిడితే నాకు కోపం వస్తుంది. ఆవిడ తిడితే హాయిగా ఉంటుంది."

"నీకు మతిపోయింది."

"పోతే పోయింది. ఈ సూప్ సంగతి విను. మీ నాన్న వెళ్లిపోయాక కూడా పండక్కీ పబ్బానికీ వచ్చి ఇక్కడ కూర్చుని తాగేవాడుగా. తాగుతూ ఏమనేవాడు? 'యుక్‌హా చేసేది ఇంకా తియ్యగా ఉంటుంది' అనేవాడు. గుర్తుందా?"

"ఉంది. నాకు గిన్నె విసిరికొట్టాలనిపించేది."

"అక్కడికెళ్లి 'సూపంటే చోయ్‌లిన్‌దే' అనేవాడట. పాతికేళ్లు. ఇటు నేను, అటు ఆవిడ, పోటీలుపడి తేనె ఖర్జూరాలు ఎక్కువేసుకుంటూ చచ్చాం. ఏంటి, నవ్వుతున్నావా?"

"లేదు."

"నవ్వావు."

"లేదన్నానా. అదేంటి వేస్తున్నావు?"

"ఎండు కమలా తొక్క."

"నాన్నకి గిట్టదుగా. ఆ వాసనే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు."

"అందుకే రెండు ముక్కలు వేస్తున్నాను."

"అమ్మా, నాతో హాస్యాలాడకు. జనం ఏమనుకుంటారో ఆలోచించావా? కామ్ ఆంటీ లిఫ్టులో అందరికీ చెబుతోంది."

"చెప్పనీ. కావలిస్తే గిన్నె తెచ్చుకోమను, ఆవిడకీ పోస్తాను. మూత పెట్టు. మంట తగ్గించు. ఇంకా తగ్గించు. అలా రెండు గంటలు ఉండాలి."

"చివరిసారి చెబుతున్నాను. నేను కావాలో, ఆవిడ కావాలో తేల్చుకో."

"ఆ మాట నువ్వు అనకు."

"ఎందుకనకూడదు?"

"నేను అన్నాను కాబట్టి. ఇక్కడే నిలబడి మీ నాన్నతో అన్నాను. నేనో, అదో తేల్చుకోమన్నాను. తేల్చుకుని ఆ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తేల్చుకోమని అడిగే మనిషికి ఏం మిగులుతుందో నాకు తెలుసు. నిన్ను దూరం చేసుకోను. ఆవిడనీ వదలను. నీకు నచ్చకపోతే నచ్చకపోనీ."

"అయితే ఏ వార్డో చెప్పు. నేనే వెళ్లి మొహం మీదే చెప్పొస్తాను, మా అమ్మ జోలికి రావద్దని."

"వార్డులో లేదు. నిన్న పంపించేశారు."

"ఇంటికే వెళ్తాను. ఎక్కడుంటుంది?"

"అంత దూరం వెళ్లక్కర్లేదు."

"అంటే?"

"లిఫ్టు లేని బిల్డింగులో ఆరో అంతస్తు ఆవిడది. తుంటిలో ఉక్కు కడ్డీ వేయించుకున్న మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కుతుంది?"

"అమ్మా, సూటిగా చెప్పు."

"నీ పాత గదిలో పడుకోబెట్టాను."

"ఇక్కడా? ఇప్పుడు లోపల ఉందా?"

"తలుపు తీసే ఉంది. నువ్వొచ్చినప్పటి నుంచీ అంతా వింటూనే ఉంది."

"అక్కా..."

"నువ్వు పడుకో యుక్‌హా."

"అక్కా, అమ్మాయిని ఏమీ అనకు. తను అన్నదాంట్లో తప్పేం లేదు. నేను వెళ్లిపోతాను. నా చెప్పులు కనబడటంలేదు, ఎక్కడ పెట్టావు?"

"దాచేశాను. నోర్మూసుకుని పడుకో. మాన్‌యీ, నీ చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి. వెళ్తే వెళ్లు. ఉండేట్టయితే, మూడో గిన్నె పై అరలో ఉంది, తీసి కడుగు."