జువేనా అవ్వ ఓడలోకి దిగిన కలుగు

ఆఫ్రికా తూర్పు తీరాన కిల్వా దీవిలో ఎవరికైనా నిజం చెప్పాలనిపిస్తే పడవెక్కి అవతలి ఒడ్డుకి పోయి చెప్పుకుని రావాలి గానీ, షోమారి కాఫీ అరుగు మీద మాత్రం కుదరదు. ఆ కాఫీ ఎంత చేదంటే, తాగినవాడికే కాదు, వాడి తాతకి కూడా మూడు రోజులు నిద్ర పట్టదు. ఆ సాయంత్రం అసరు నమాజు అయ్యాక ఆ అరుగు చివర, ఒళ్ళో పటం పరుచుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని లుసెకెలో అనే అతను కూర్చున్నాడు.

పాపం, అతను కొండల మనిషి. అరటితోటల్లో పుట్టి పెరిగాడు. తవ్వకాల బృందంలో పటాలు గీసే పనికి వచ్చి నాలుగు నెలలైంది. సముద్రం రోజుకి రెండుసార్లు లేచి ఎటో పోయి మళ్ళీ వస్తుందన్న సంగతి కళ్ళారా చూస్తూ కూడా లోలోపల ఇంకా నమ్మడు.

ఇవాళ అతనికి ఒకటే పని. పోయిన పౌర్ణమికి, ఆక్టోపస్‌లు పట్టే జువేనా అవ్వ పట్టుకొచ్చిన ఆకుపచ్చ గిన్నె ఎక్కడ దొరికిందో తెలుసుకోవాలి. ఆ గిన్నె ఏడొందల ఏళ్ళనాటిదట, చీనా దేశంలో కాల్చి చేసిందట. బృందాన్ని నడిపే డాక్టరమ్మ దాన్ని దూదిలో చుట్టి పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. "చోటు తెలియకపోతే అది ఉత్త గిన్నె. చోటు తెలిస్తే అక్కడే దాన్ని తెచ్చిన ఓడ ఉండొచ్చు. నీళ్ళలో మునిగి వెతికేవాళ్ళు రేపు అమావాస్యకి సముద్రం బాగా వెనక్కి తీసే పాటుకి వస్తున్నారు, ఒక్క రోజే ఉంటారు. పటం మీద ఒక్క చుక్క పెట్టుకునిరా. చుక్క లేకపోతే నువ్వూ రాకు," అంది.

"చెప్పవ్వా," అన్నాడు లుసెకెలో.

"చెప్పడానికేముంది నాయనా, నేనేం పెద్ద పని చేశానని," అంది జువేనా అవ్వ. ఆమె అలా అనగానే అరుగు మీదున్నవాళ్ళంతా నడుములు సర్దుకున్నారు. పాత సరంగు చండె ఇంకో కాఫీ అడిగాడు. పక్క గుమ్మంలో ఈతాకు చాప అల్లుకుంటున్న అవ్వ ఆడపడుచు సోమోయె మాత్రం తలెత్తలేదు.

"పాటు తీసింది. చువ్వ పట్టుకుని పగడపు దిబ్బ మీదికి నడిచాను. ఒక కలుగులో పొడిస్తే టంగుమంది. ఆక్టోపస్ మెత్తగా తగలాలి గానీ టంగుమనడమేమిటి? వంగి చూద్దును కదా, ఆ మహాతల్లి గిన్నెని తలుపులా అడ్డం పెట్టుకుని లోపల కూర్చుంది. గిన్నె లాక్కున్నాను, దాన్నీ లాగాను. అంతే."

లుసెకెలోకి ప్రాణం లేచొచ్చింది. "ఏ కలుగవ్వా? కోట వైపా, మడ అడవి వైపా?"

షోమారి కూజా పట్టుకుని నవ్వాడు. "ఆడవాళ్ళు మొగుళ్ళకే చెప్పరయ్యా కలుగు ఎక్కడుందో. నీకు చెబుతారా?"

"ఎందుకు చెప్పను? కోట వైపే అనుకో," అంది అవ్వ. లుసెకెలో కోట పక్కన చుక్క పెట్టాడు. "కానీ అంతే అన్నానని అంత తేలిగ్గా అయిపోయిందనుకోకు. అది గిన్నె వదిలితేనా! నేనిటు లాగుతాను, అదటు లాగుతుంది, రెండు గంటలు లాగులాట."

"మొన్న మసీదు దగ్గర గంట అన్నావుగా," అన్నాడు చండె.

"అప్పటికి చెయ్యి నొప్పి తగ్గలేదు, గట్టిగా చెప్పలేకపోయాను."

"ఎండ నీ మొహానికి తగిలిందా అవ్వా, వీపుకి తగిలిందా?" అన్నాడు లుసెకెలో. దీంతో దిక్కు తేలిపోతుందని, తెలివైన ప్రశ్నే అడిగాననుకున్నాడు.

"ముందు మొహానికి, తర్వాత వీపుకి, మళ్ళీ మొహానికి. అది నన్ను గిరగిరా తిప్పుతోంటే ఎండ ఒక్కచోట తగులుతుందా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క ఊపు ఊపింది. నడుము దాకా కలుగులోకి పోయాను. ఇంకో ఊపుకి చెప్పులు తప్ప పైన ఏమీ మిగల్లేదు."

"చెప్పులు ఎక్కడ ఉండిపోయాయి?" లుసెకెలో ఆత్రంగా అడిగాడు.

"ఒకటి కోట దగ్గర, ఒకటి మడ అడవి దగ్గర."

పెన్సిల్ ఆగిపోయింది. లుసెకెలో చుక్క చెరిపాడు, మడ అడవి దగ్గర పెట్టాడు, అదీ చెరిపాడు. అవ్వకి రెండు కాళ్ళేనా అని ఒకసారి వంగి చూసుకున్నాడు కూడా.

"లోపల ఏముందనుకున్నారు? ఓడ! ఒక్క ఇనప మేకు లేదు. పలకలన్నీ కొబ్బరి పీచుతాడుతో కుట్టేశారు, మా అమ్మ దిండు గలీబు కుట్టినట్టు."

చండె తల ఊపాడు. "ఆ కాలం ఓడలు అలాగే కుట్టేవాళ్ళు. అది నిజం."

లుసెకెలోకి అసలు తికమక అక్కడ మొదలైంది. పుస్తకాల్లోనూ అలాగే ఉంది మరి. అవ్వ చెప్పేదంతా అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. అంతా నిజమైతే రాసుకోవచ్చు. మధ్యలో ఈ పీచుతాడు దగ్గర ఏం చెయ్యాలి? 'కుట్టిన ఓడ' అని రాశాడు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు, ప్రశ్న గుర్తు పక్కన ఇంకో ప్రశ్న గుర్తు పెట్టాడు.

"ఎంత పొడవుంది అవ్వా?"

"ముక్కు కోట కింద, తోక మడ అడవి కింద. అందుకే చెప్పులు అలా పడ్డాయి, నువ్వు అర్థం చేసుకోవు! మీ డాక్టరమ్మ నాలుగేళ్ళు బ్రష్షుతో గీకి గీకి చేపముల్లు పట్టుకుంది, మా పెద్దవాళ్ళు విందుల్లో సొరచేప తిన్నారని తేల్చడానికి. నన్నడిగితే ఏ పులుసులో వేశారో కూడా చెప్పేదాన్ని. తవ్వకుండానే భూమిలో గోడలు చూపించే పెట్టె ఒకటి తెచ్చి ఊరంతా ఈడ్చారా? ఆ గోడలకి సున్నం ఎవరు వేశారో పెట్టె చెప్పిందా? నాకు ఓడలోని సరంగు చెప్పాడు."

"సరంగు ఉన్నాడా!"

"ఉండక ఎక్కడికి పోతాడు? దక్షిణపు గాలి వస్తే బయల్దేరదామని ఏడొందల ఏళ్ళుగా చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, 'అమ్మా, గాలి తిరిగిందా?' అన్నాడు. తిరిగి తిరిగి అదే అలిసిపోయింది నాయనా, అన్నాను. ఏడ్చాడు."

లుసెకెలో సరంగు పేరు అడగబోయి, అడగబోయానని తనకే సిగ్గేసి ఆగిపోయాడు.

"ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అన్నం తిని వెళ్ళమన్నాడు. వంటమనిషి ఎవరనుకున్నారు? అదే, నన్ను లాక్కెళ్ళిన ఆక్టోపస్! ఎనిమిది చేతుల్లో ఎనిమిది ఆకుపచ్చ గిన్నెలు పట్టుకుని, ఒకదాంట్లో కొబ్బరి అన్నం, ఒకదాంట్లో చేప, ఒకదాంట్లో పెసలు, ఒకదాంట్లో..."

"ఏడే," అంది సోమోయె.

చాప అల్లుతున్న చేతులు ఆగాయి. అరుగంతా అటు తిరిగింది.

"ఏమన్నావు?"

"దానికి ఏడే చేతులు వదినా. ఎనిమిదోది అంతకు ముందు అమావాస్యకి నా చేతిలో తెగి ఉండిపోయింది. నిమ్మకాయ పిండుకుని కాల్చుకు తిన్నాం. మా అమ్మ పోతూ పోతూ నాకిచ్చిన కలుగులో ఉండేది అది. కూతురికిచ్చింది, కోడలికి కాదు. పౌర్ణమినాడు నువ్వు గుమ్మం ముందు దాన్ని రాతికేసి బాదుతుంటే ఏడే కనిపించాయి. నా కళ్ళే మసకేశాయేమో అనుకుని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎనిమిది గిన్నెలట!"

జువేనా అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, ఎనిమిదో వేలు మడవకుండా ఆగింది.

"పరాయి కలుగులో చువ్వ పెడితే పట్టిందంతా తిరిగి ఇచ్చుకోవాలి జువేనా అవ్వా," అన్నాడు షోమారి మెల్లగా.

"ఆక్టోపస్ని తినేశాంగా," అంది అవ్వ, ఇంకా మెల్లగా.

"గిన్నె ఉందిగా," అంది సోమోయె.

ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో లుసెకెలోకి అంతుపట్టలేదు. ఒకటి మాత్రం అర్థమైంది. కలుగు ఉంది. ఓడ లేకపోయినా, సరంగు లేకపోయినా, కలుగు ఉంది! పటం ఎత్తుకుని సోమోయె ముందుకి పరుగెత్తాడు. "పిన్నీ, నీకు దండం పెడతాను. ఎక్కడది?"

సోమోయె వేలు సముద్రం వైపు సగం లేచింది. అప్పుడు ఆమెకి పెన్సిల్ కనబడింది. పెన్సిల్ వెనకాలే, పోయినేడు పాత గోడల చుట్టూ తవ్వకాలవాళ్ళు కట్టిన తాడు కనబడింది. ఆ తాడు దాటి కోడిపిల్ల కూడా లోపలికి పోకూడదన్నారు. దిబ్బకి తాడు కడితే కలుగులు ఎవరివి? లేచిన వేలు తల గోక్కుని కిందికి దిగింది.

"చుక్క లేకుండా పోతే నన్ను మళ్ళీ కొండకి పంపేస్తారు పిన్నీ."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "గిన్నె నాదని రాస్తావా?"

"రాస్తాను."

"అయితే రేపు పాటుకి నిన్ను తీసుకెళ్తాను. నువ్వొక్కడివే. కళ్ళకి గుడ్డ కట్టి."

"నేను కప్పుకున్న ఈ కంగా గుడ్డ మందంగా ఉంటుంది, అది కడదాం," అంది జువేనా అవ్వ, మళ్ళీ పాత గొంతుతో. "నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తాను."

"ముందు నీకు కట్టాలి," అంది సోమోయె.

లుసెకెలో పటం వంక చూశాడు, ఇద్దరి వంకా చూశాడు. "కళ్ళకి గుడ్డ కడితే చుక్క ఎక్కడ పెట్టను పిన్నీ?"

"నీ కాళ్ళకి తడి తగిలిన చోట పెట్టు," అంది సోమోయె.