వెనక్కి నడిచిన రైలు

"ఆ జంక్షన్ సంగతి నన్నడుగు బావా, చెప్తాను," అన్నాడు మేనమామ, టైలర్ కొట్టు అరుగు మీద కూర్చుని. " పెద్ద విశేషమేం కాదులే, మంచినీళ్ల కోసం రైలు దిగానంతే. రేపు నీ కూతురు నర్సు ఉద్యోగానికి ఒంటరిగా పోయేది ఆ దారినే కదా, మిషను కాస్త ఆపి విను. కోడలు పిల్లా, నువ్వూ ఇలా రా. మీ అత్తయ్య అదిగో బొత్తాలు కుడుతోంది, ఆ రోజు తనూ నాతోనే ఉంది.

దిగితే ఏముంది, మిట్టమధ్యాహ్నం, నరసంచారం లేదు. స్టేషన్ బయట ఒకటే వీధి. లాడ్జీ, తాళాల కొట్టు, సైకిల్ షాపు, అన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, లోపల పురుగు కూడా లేదు. లాడ్జీ మెట్ల మీద తడి పాదాల గుర్తులు పైకి వెళ్లాయి, కిందికి రాలేదు. గుండె ఝల్లుమంది. నాక్కాదులే, ఇంకొకడైతే ఝల్లుమనేది."

భోజనాలకు వెళ్లుంటారని అరుగు మీది మంగలి నవ్వుతూ గొణిగాడు.

"నువ్వు నీ కత్తెర చూసుకోవయ్యా. సరే, వచ్చి రైలెక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల బయటపెట్టి చూస్తే ఇంజను లేదు! మొండెం ఒక్కటే పట్టాల మీద పడుంది. పెట్టెలో జనం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు, ఒకడు తీరిగ్గా అరటిపండు ఒలుస్తున్నాడు. వాళ్లకి భయం లేకపోవడం చూసే బావా, నా ఒళ్లు జలదరించింది. అంతలో వెనకనుంచి ఏదో ఢామ్మని గుద్దింది. రైలు కదిలింది. ఎటు? వచ్చిన వైపుకే!"

టైలర్ చేతిలో కూతురి బ్యాగు పట్టీ సగం కుట్టుతో ఆగిపోయింది. ఎవరూ చైను లాగలేదా అనడిగాడు.

"చైనెందుకు, నేనుండగా? కిందికి దూకి చివరి పెట్టెకి భుజం ఆనించాను. నా మడమల కింద పట్టాలు మైనంలా వంగిపోయాయి. అదే టైముకి డ్రైవరు లేని గూడ్సు ఒకటి మీదికొస్తే ఎడం చేత్తో ఆపాను. ఇక చూస్కో, నాలుగు దిక్కుల్నుంచీ రైళ్లన్నీ నా మీదికే మళ్లాయి. అన్నిటినీ కలిపి జడ అల్లినట్టు అల్లిపారేశాను. అప్పుడు తొంగిచూసింది బావా ఊరు, లాడ్జీ కిటికీల్లోంచి. ఒక్కరికీ కనురెప్పల్లేవు. ఒంటరిగా వచ్చినవాళ్లనే ఆ రైలు వెనక్కి లాక్కుపోతుందట. పోయినవాళ్లు మళ్లీ..."

మంగలి నవ్వడం మానేశాడు. టైలర్ మిషను మీంచి లేచి, పట్టీని బ్యాగు నుంచి కత్తిరించేశాడు.

"ఉద్యోగం వద్దు తల్లీ. ఇంట్లోనే ఉండు."

రేపు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని పిల్ల అంది. పోనీ అన్నాడు తండ్రి. ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మేనమామ, అంత భయపడాల్సిందేం లేదని ఏదో సర్దబోయాడు.

అత్తయ్య సూది పక్కన పెట్టింది.

"అక్కడ ఇంజను విప్పి రెండో కొసకి తగిలిస్తారన్నయ్యా. రోజూ జరిగేదే, అక్కణ్ణుంచి రైలు కాస్త వెనక్కొచ్చి వేరే దారి పడుతుంది. పక్కసీటావిడ చెప్పింది. ఈయనకి చెబుదామని తిరిగితే సీట్లో లేరు. నన్నూ, సామాన్లనీ వదిలేసి ప్లాట్‌ఫాం మీద పరిగెడుతున్నారు. మర్నాటి రైల్లో వచ్చారు."

మేనమామ చెప్పుల కోసం అరుగు కింద వెతుక్కున్నాడు.

"ఒక్కదానివే, భయం వెయ్యలేదా చెల్లెమ్మా?" అన్నాడు టైలర్.

"ఎందుకు వెయ్యదు? దారంతా ఏడుస్తూనే ఉన్నాను. అయినా బోర్డు మీద ఊరి పేరు చదవడం రాని నేనే చేరాను. చదువుకున్న పిల్ల, అది చేరదా?"