ఇనప్పొట్ట తిన్న గుద్దులు

మధ్యాహ్నం రెండు దాటాక మా టీ కొట్టుకి వచ్చేవాళ్ళందరూ అలిసిపోయినవాళ్ళే. పొద్దున్నించి నిలబడి నిలబడి, ఆ వేళకి నా కాళ్ళూ నా మాట వినవు.

ఆ రోజు బల్ల మీద ముగ్గురున్నారు. గోడౌను గేటు దగ్గర కాపలా డ్యూటీ దిగి వచ్చిన ఇనప్పొట్ట అన్నయ్య ఒకడు. వయసులో ఉండగా బాక్సింగ్ చేశాడు, ఆ పేరు తనకు తనే పెట్టుకున్నాడు. రెండోవాడు కటింగ్ షాపాయన. అన్నయ్య ఈడువాడే, బక్కమనిషి, మాటలు బహు పొదుపు. మూడోవాడు స్కూటర్ మెకానిక్. వాడే మాట కదిపాడు.

"బాబాయ్, చేసినవాడివి కాబట్టి అడుగుతున్నా. మా అమ్మాయి బాక్సింగ్‌లో చేరింది. మాస్టారు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఇసుక నింపిన తోలుబంతి వేస్తున్నాడట. నిన్న పిల్ల నొప్పికి సగం అన్నంలోనే లేచేసింది. గుద్దులు తట్టుకోవాలంటే తప్పదంటాడాయన. నిజంగా పనిచేస్తుందా అది? ఐదింటికి మళ్ళీ ప్రాక్టీసుంది. పంపనా, మాన్పించనా?"

అన్నయ్య పక్కటెముకల కింద చెయ్యి వేసుకుని, మెల్లగా వెనక్కి వాలాడు. చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతోనే అందుకున్నాడు.

"పనిచేస్తుందా అని నన్నడుగుతావేంట్రా! నేను చేరినప్పుడెలా ఉండేవాణ్ణో తెలుసా? పక్కవాడు గట్టిగా దగ్గితే పడిపోయేవాణ్ణి. మా మాస్టారు బంతి వేశాడు. రోజుకి పది. మొదటి వారం నవ్వితే నొప్పి, తుమ్మితే నొప్పి. రెండో నెలకొచ్చేసరికి పొట్ట మీద పిల్లి నడిచినట్టుండేది, అంతే. ఒట్టు, ఇంతవరకూ ఒక్క అబద్ధం లేదు."

"ఇంతవరకూ," అన్నాడు కటింగ్ షాపాయన, గ్లాసులోకి చూస్తూ.

"నువ్వుండరా. ఇక బంతి చాలదని వెదురు బద్దలు కట్టగట్టి బాదడం మొదలెట్టాడు. పొద్దున యాభై, సాయంత్రం యాభై. కట్టలు విరిగేవి గాని నేను విరగలేదు. మా ఇంట్లో నెల్లాళ్ళు పొయ్యిలోకి ఆ పుల్లలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బజార్లో వెదురే దొరకలేదు. బుట్టలల్లేవాళ్ళు వచ్చి మాస్టారి కాళ్ళ మీద పడ్డారు, అయ్యా, వాడి పొట్ట కొట్టబోయి మా పొట్ట కొడుతున్నారు అని!"

నాకు నవ్వొచ్చింది. మెకానిక్ నవ్వలేదు. "ఆ తర్వాత, బాబాయ్?"

"తర్వాతేముంది, పోటీలు. మొదటి పోటీలోనే ఒకడు నా పొట్టలో ఒక్కటిచ్చాడు. టంగుమని మోగింది. గంట కొట్టారనుకుని రెఫరీ రౌండు ఆపేశాడు. గుద్దినవాడికి మణికట్టు పోయింది, మోచెయ్యి పోయింది, ఆ ఊపులోనే భుజం కూడా పోయింది. లోపలేమైనా దెబ్బ తగిలిందేమోనని నాకు ఎక్స్‌రే తీశారు. ఫోటోలో ఏం పడిందనుకున్నావ్? తీసినాయన మొహం! కిరణాలు నా పొట్టకి తగిలి వెనక్కి తిరిగెళ్ళాయి."

"చెవుల్లో పువ్వులు పెట్టకన్నయ్యా," అన్నాను.

"పువ్వులు కాదు చెల్లెమ్మా. లారీ సంగతి వినలేదా నువ్వు? గోడౌన్లో బ్రేకులు పోయిన లారీ వెనక్కి వచ్చేస్తోంది. వెనకాల కూలీలు. పరిగెత్తుకెళ్ళి పొట్ట అడ్డం పెట్టాను. ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, ఇక్కడ గోడెప్పుడు కట్టారండీ అని నన్నే అడిగాడు."

అలవాటు ప్రకారం నవ్వు కోసం ఆగాడు. మెకానిక్ మాత్రం గ్లాసు కింద పెట్టి లేచాడు. పాపం, వాడు నమ్మింది లారీని కాదు, బంతిని.

"అయితే రోజుకి పది చాలవన్నమాట. ఇరవై వెయ్యమని చెప్తాను మాస్టారికి. ముందు నొప్పి ఉన్నా, రేపు దెబ్బలు తప్పుతాయి కదా పిల్లకి."

"కూర్చో," అన్నాడు కటింగ్ షాపాయన. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అన్నయ్య వైపు తిరిగాడు. "ఒరే, ఆఖరి పోటీలో నిన్ను పడగొట్టిందెవరు?"

"ఇప్పుడెందుకురా అది?"

"నేనే." కటింగ్ షాపాయన మెకానిక్‌కి చెప్పాడు. "రెండో రౌండు. కుడివైపు, పక్కటెముకల కింద. గట్టిగా కూడా కాదు. వీడు చూసుకోలేదు, అప్పుడే ఊపిరి పీలుస్తున్నాడు. కూలబడ్డాడు. పది లెక్కపెట్టినా లేవలేదు. నా చేతికేమీ కాలేదు. మర్నాడు అదే చేత్తో పదిమందికి గడ్డాలు గీశాను."

అన్నయ్యకి కోపమొస్తుందనుకున్నాను. రాలేదు.

"కనపడుంటే పొట్ట బిగించేవాణ్ణి," అన్నాడు. "బంతి నేర్పేది అదేరా అబ్బాయ్. బిగించడం, ఊపిరి వదలడం, బెదిరిపోకుండా ఉండడం. అది ఉత్తదేం కాదు. కాని కనపడని గుద్దుకి అదేం చేస్తుంది?"

"మరి పొట్ట గట్టిపడలేదా?"

"పైన కండ గట్టిపడింది. లోపలున్నవి ఎలా గట్టిపడతాయి? ఆ వెదురు రోజుల్లో మూత్రంలో రక్తం పడేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మాస్టారు పిరికివాడంటాడని."

కటింగ్ షాపాయన గొంతు తగ్గించాడు. "నాలుగేళ్ళలో రింగులో నిన్ను కొట్టినవాళ్ళం పదకొండు మందిమి. అందరం కలిసి కొట్టినదానికన్నా, మీ మాస్టారు ఒక్క నెలలో కొట్టిందే ఎక్కువరా."

"ఆయన నా మంచికే కదరా కొట్టాడు," అన్నాడు అన్నయ్య. అది మమ్మల్ని అడిగినట్టే ఉంది.

మెకానిక్ స్కూటరు తీశాడు. "బాబాయ్, నువ్వూ రా. మా అమ్మాయి మాస్టారి ముందు నేనేం మాట్లాడినా, నీకేం తెలుసయ్యా అంటాడు."

అన్నయ్య లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి కటింగ్ షాపాయన మోచెయ్యి పట్టుకుని లేపి, వెనక సీటు మీద కూర్చోబెట్టాడు.

"అక్కడికెళ్ళి ఏం చెప్తావన్నయ్యా?" అనడిగాను.

"పిల్లకి ముందు గుద్దు తప్పించుకోవడం నేర్పమంటాను."

"నువ్వెవరని అడిగితే?"

మెకానిక్ భుజం పట్టుకుని సర్దుక్కూర్చున్నాడు.

"దెబ్బలు తిన్నవాణ్ణని చెప్తాను," అన్నాడు. స్కూటరు కదిలింది.