ముందు నొక్కింది ముందు చేరలేదు

హలో… ఆ, నేనే, మావయ్యని. ఆఫీసులో ఉన్నావా? … మీటింగా? లేచి బయటికి రా అమ్ములూ. తర్వాత తిట్టుకుందువుగాని.

…

కొట్లోంచే. ఒక్కణ్ణే ఉన్నాను. విను. నువ్వు రాసిచ్చిన యాప్ ఉందే… ఆ, సిలిండర్లదే… పొద్దున నా ఫోన్లోంచి ఏమేం వెళ్లాయో నీకు కనిపిస్తుందా? … అయితే తెరువు. తెరుస్తూ విను.

…

పొద్దున ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే మిగిలింది. నింపినవి మధ్యాహ్నంగాని రావు. ఆ ఒక్కటీ టైలరమ్మ ఇంటికని నొక్కాను, వాళ్ల అత్తగారికి. నొక్కి నిమిషం కాలేదు, టైలరమ్మ ఫోను… అత్తగారిని ఆసుపత్రిలో చేర్చేశారట, వద్దంది. సరేనని రద్దు నొక్కాను. వెంటనే పంతులుగారి ఇంటికని నొక్కాను. … ఆ, లెక్కల పంతులుగారే. నాకు కూడికలు నేర్పిన మనిషి. ఇప్పుడాయన ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.

…

అవును, గోడౌన్లో నిలబడే నొక్కాను. అక్కడ సిగ్నల్ సంగతి నీకు తెలీనిదా? బయటికొచ్చి చూస్తే నా ఫోన్లో పంతులుగారి పేరే ఉంది. డ్రైవరు సిలిండరేసుకుని వెళ్లాడు.

…

చేరలేదు! అదే కదా నా గోల. ఇప్పుడే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. “బాబాయ్, బండి రాలేదు, ఉన్న సిలిండర్ మీద ముల్లు ఎర్రగీత తాకింది” అంటోంది. ఎర్రగీత తాకాక ముప్పావుగంట వస్తుందంటారు. నేనైతే అరగంటే వేసుకుంటాను. ఆంబులెన్సు గంట పడుతుందన్నారట. డ్రైవరు ఫోనెత్తడు… బండి మీద ఉండగా ఎత్తొద్దని నేనే చెప్పాను మరి. ఖాళీవి తెచ్చే ఇళ్లతో కలిపి ఏడిళ్లున్నాయి వాడికి. ఎక్కడ దింపాడని వెతకను?

…

దొరికిందా? చదువు. మెల్లిగా.

…

మొదట చేరింది… రద్దా? ఇవ్వకుండానే ఏం రద్దు చేసింది అది? … ఓహో. రద్దు చేయడానికేమీ లేక ఊరుకుంది. … తర్వాత పంతులుగారిది. … ఆఖర్న టైలరమ్మది.

…

నేను మొదట నొక్కింది ఆఖర్న చేరిందా!

…

ఆఖర్న వచ్చినదే నిలుస్తుందంటే… డ్రైవరుకి టైలరమ్మ ఇల్లే చూపించింది. ఆ ఇంటికేమో తాళం.

…

అరవకుండా ఎలా ఉండను? ఒకదాని వెనక ఒకటి పంపడం కూడా రాని యాప్ ఎందుకు తల్లీ? కౌంటర్ దగ్గరికి ముగ్గురొస్తే ముగ్గురితో ఒకేసారి బేరం చేస్తానా నేను? మొదటివాడు కదిలాకే కదా రెండోవాడు…

…

ఏమిటి?

…

నేనా?

…

… ఆ. గుర్తుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటోందన్నాను. … అవును, “ఒకటి వెళ్లొచ్చేదాకా రెండోది కాచుకుని కూర్చోవడమేంటి, అన్నీ ఒకేసారి తోసెయ్” అన్నది నేనే. నువ్వు వద్దన్నావు. … మూడుసార్లు వద్దన్నావు, సరే. … బద్ధకమని కూడా అన్నాను. ఇప్పుడవన్నీ తవ్వకు.

…

రెండు సెకన్లు కలిసొస్తాయనుకున్నానమ్మా. రోజుకి వందసార్లు నొక్కితే రెండొందలు. పెద్ద లాభంలా కనిపించింది. ఆ మూటంతా ఇప్పుడు తీసుకెళ్లి పంతులుగారికిస్తే తీసుకుంటాడా?

…

లేదు, ఏడవడం లేదు. ఆలోచిస్తున్నాను. … ఉండు. తాళం వేసిన ఇల్లయితే మావాడు సిలిండర్ వెనక్కి తేడు. గేటు లోపల గ్రిల్లుకి గొలుసేసి, మన తాళం బిగించి పోతాడు. మన కొట్టు పద్ధతి అది. రెండో తాళంచెవి నా దగ్గరే… మేకుకి ఉండాలి… ఉంది! ఉంది అమ్ములూ!

…

షట్టర్ దించేస్తున్నా. … వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు. టైలరమ్మ ఇంటికి పది నిమిషాలు. అక్కణ్ణించి పంతులుగారింటికి పన్నెండు. ఎత్తడం, దించడం, బిగించడం అయిదు. మొత్తం ఇరవై ఏడు. … ఆ, మూడు మిగలాలి. కానీ నీతో మాట్లాడుతూనే నాలుగు తినేశాను.

…

ఒకటి తక్కువ పడుతోంది. … తెలుసు, ముప్పావుగంట ఉన్నా ఉండొచ్చు. ఉండొచ్చు అన్నదాన్ని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇవాళ తీసుకుంటాను.

…

నువ్వొక పని చెయ్. ఆ పాత పద్ధతి తీసి పారేశావా? … దాచావా! అంటే నేనొకరోజు అడుగుతానని నీకు తెలుసన్నమాట. … సరే, మళ్లీ అదే పెట్టెయ్. ఒకటి వెళ్లి, చేరి, చేరానని కబురొచ్చాకే రెండోది గడప దాటాలి. చక్రం తిరిగితే తిరగనీ. చూస్తూ కూర్చుంటాను.

…

ఆగు. ఇంకో ఫోనొస్తోంది. … పంతులుగారమ్మాయి.

…

తెలీదు. బండి వచ్చిందా అని అడగడానికో… ఇక అక్కర్లేదని చెప్పడానికో.

…

వద్దమ్మా, రెండు ఫోన్లూ కలపకు. నాకు అన్నీ ఒకేసారి చేయడం చేతకాదని ఇవాళ తేలిపోయింది. నీది అయ్యాకే ఆ అమ్మాయిది.

…

ఒక చేత్తో షట్టర్‌కి తాళం వేస్తున్నాను, ఎర్రబటన్ దొరకడం లేదు. నువ్వే పెట్టెయ్ తల్లీ.

…

పెట్టెయ్—